గడప మీద తప్పిన పేరు

సార్ పోయారన్న కబురు మా నాటకం వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే వచ్చింది. రాసింది వాళ్ళమ్మాయి. రెండే వాక్యాలు. నాన్న నిద్రలోనే పోయారు, మధ్యాహ్నం రెండింటికి తీసుకెళ్తున్నాం. దాని కింద శక్తినగర్ ఆయన బొటనవేలు పైకెత్తిన గుర్తు పెట్టాడు.

ఆయన థర్మల్ ప్లాంటులో ఆపరేటరు. పదేళ్ళుగా షిఫ్టు మార్పుల సందేశాలన్నిటికీ ఆ గుర్తే పెట్టి పెట్టి, వేలు దానంతటదే అక్కడికి వెళ్ళి ఉంటుంది. నిమిషంలో తీసేశాడు. కానీ మిగతావాళ్ళం అప్పటికే చూసేశాం. తర్వాత దండం గుర్తు పెట్టాడు. ఆ తర్వాత సార్ గొప్పతనం మీద పన్నెండు వరుసలు రాశాడు. అది చాలక నాకు ఫోన్ చేసి, సార్ పోయిన సంగతి పక్కన పెట్టి, ఆ బొటనవేలి గురించే పావుగంట మాట్లాడాడు. సార్‌కు తెలిస్తే సంబరపడేవారని అన్నాను. ఓదార్చడానికి అనలేదు. సార్ బతికి ఉంటే ఆ పని అతనితో స్టేజీ మీద నలభై సార్లు చేయించి, నలభై ఒకటోసారికి, ఇప్పుడు జర అసలు మాదిరి ఉన్నది అనేవారు.

చచ్చినవాడి కళ్ళు చేరెడు అంటారు. ఆ మధ్యాహ్నం సార్ ఇంటి ముందు షామియానా కింద అవి ఇంకా పెద్దవయ్యాయి. సార్ సౌమ్యులట. ఎవరినీ పల్లెత్తు మాట అనేవారు కాదట. ఆ మాటన్న పెద్దమనిషిని సార్ ఒకసారి పదిమందిలో నిలబెట్టి, నీకు ఏడుపు రాదు, ముక్కు తుడుసుకునుడు ఒక్కటే వస్తది అని ఇంటికి పంపేశారు. నేనక్కడే ఉన్నాను. ఆయన ఇప్పుడు కూడా ముక్కే తుడుచుకుంటున్నాడు.

నేను అలా రాయలేను. మా సార్ క్రూరుడు. నాకు చేసిన మేలంతా ఆ క్రూరత్వంతోనే చేశారు గనక, దాన్ని తీసేసి రాస్తే మనిషే మిగలరు.

ఆయన రాయచూరులో హైస్కూలు డ్రాయింగు మాస్టరుగా పనిచేసి రిటైరయ్యారు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, టీ హోటల్లో ఉర్దూ. తిట్లు మాత్రం మూడింట్లోనూ సమానంగా వచ్చు. నేను రిజిస్ట్రారు ఆఫీసు బయట రేకుల కింద కూర్చుని దస్తావేజులు టైపు చేసేదాన్ని, ఇప్పటికీ అదే పని. ఒకరోజు ఆయన ఏదో కాగితం కోసం వచ్చి బల్ల పక్కన నిలబడ్డారు. నా ముందు ఇద్దరు అన్నదమ్ములు ఇంటి పంపకం రాయించుకుంటున్నారు. ఉన్నట్టుండి తమ్ముడు అన్న కాళ్ళు పట్టుకుని, వంటిల్లు తనకిమ్మని అందరి ముందూ ఏడ్చాడు. అన్న కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు. వాళ్ళు వెళ్ళాక సార్ తన కాగితం ఇవ్వలేదు. ఒక ప్రశ్న అడిగారు.

"ఆయన ఏడ్సేటప్పుడు నువ్వు ఆయన దిక్కు చూడలే. నీ కంప్యూటర్ దిక్కూ చూడలే. ఏడ చూసినవ్ బిడ్డా?"

నా గోళ్ళు చూసుకున్నాను. ఆయన గమనించారు. ఆదివారం పాత జిన్నింగు మిల్లు షెడ్డుకు రమ్మని చెప్పి వెళ్ళారు. ఎందుకని అడగలేదు నేను. నన్ను ఎవరైనా అంత శ్రద్ధగా చూసి చాలా ఏళ్ళయింది.

పత్తి ఆడించడం ఎప్పుడో మానేసిన షెడ్డు అది. పైన రేకులు. రాయచూరు ఎండ గురించి తెలిసినవాళ్ళకు ఇంకేం చెప్పనక్కర్లేదు. ఉన్నది ఒకే ఒక్క ఫ్యాన్. సార్ వస్తూనే దాన్ని ఆపేసేవారు. ఫ్యాన్ చప్పుడు ఉంటే మౌనం దాని వెనక దాక్కుంటుందట. మేము చెమటలు కక్కుతూ నిలబడితే, ఆయన మాత్రం గోడకు కుర్చీ ఆనించి, వేయించిన పల్లీలు ఒక్కొక్కటే పొట్టు తీసి నములుతూ ఉండేవారు. ఒకసారి శక్తినగర్ ఆయనకు కళ్ళు తిరిగి కూలబడ్డాడు. నీళ్ళు తాగించాక సార్ అడిగిన మొదటి మాట, పడేటప్పుడు ముందు ఎవరు చూశారని కాదు, చూసి కూడా ఎవరు కదల్లేదని. కదలనిది నేను. ఆ సంగతి నాచేతే అందరికీ చెప్పించారు.

మేం అక్కడ తయారుచేస్తున్న నాటకానికి కథ లేదు. ఒకడు జారి పడితే నవ్వొస్తుంది, అదే ఒకడు మాట జారితే చూసేవాడికి చెమట పడుతుంది, ఎందుకు? ఇదొక్కటే ఆయన ప్రశ్న. పక్కవాడి పరువు పోతుంటే మనం ఎందుకు తల దించుకుంటాం? అది జాలి అని నేనన్నాను. జాలి అయితే పోయి చెయ్యి పట్టుకునేటోళ్ళం గద అన్నారు.

ఆయన పెట్టిన నియమం ఒకటుంది. ఎవరూ తమ అవమానం తేకూడదు. తాము నిలబడి చూసినది తేవాలి. "నీ సిగ్గుకు నువ్వు పూలదండేస్తవు. పక్కోని సిగ్గు నీకాడ ఎట్లున్నదో గట్లనే ఉంటది" అనేవారు.

శక్తినగర్ ఆయన ఒక రిటైర్‌మెంటు సన్మానం తెచ్చాడు. వేదిక మీద పెద్దాఫీసరు వేరొకరి కాగితం తీసి చదువుతున్నాడు. చెయ్యని పనులు, లేని కూతుళ్ళు, రాని బహుమతులు. రిటైరయ్యే ముసలాయన ప్రతి వాక్యానికీ దండం పెడుతూనే ఉన్నాడు. ముందు వరుసలో కూర్చున్న మావాడు చప్పట్లు కొట్టాడు. సింధనూరు వైపు కాలువ క్యాంపు నుంచి ఒకావిడ వచ్చేది. కోస్తా నుంచి వచ్చి వరి వేసుకుంటున్న కుటుంబం, ఆమె అక్కడి బడిలో టీచరు. ఆమె తెచ్చింది ఒక పెళ్ళి బంతి. వియ్యాలవారి కోసం వేసిన వరుసలో ఎవరో ముసలి రైతు తెలియక కూర్చున్నాడు. సగం తిన్నాక లేపారు. ఆయన విస్తరి వదల్లేదు. రెండు చేతులా పట్టుకుని లేచాడు, పంచె మీద పప్పుచారు కారుతూ ఉంది. "నేను పక్కనే గరిటె పట్టుకుని ఉన్నానండీ, తరవాతి విస్తట్లో వడ్డించుకుంటా పోయాను" అంది. సార్ ఆమెను మెచ్చుకోలేదు. ఏం వడ్డించావని అడిగారు. వంకాయ అంది. అయితే వచ్చే ఆదివారం వంకాయ కూర వండుకొచ్చి వడ్డించమన్నారు. ఆమె తెచ్చింది. మేము బంతి కూర్చున్నాం. వడ్డిస్తూ వడ్డిస్తూ ఆమె మా మధ్యనే కూలబడి ఏడ్చింది. సార్ తన విస్తట్లో కూర మొత్తం తిని, ఉప్పు తక్కువైందన్నారు.

ఆ ఆవిడే ఒకసారి ధైర్యం చేసి, మీరేమీ తేలేదేంటండీ అని అడిగింది. సార్ పల్లీలు పక్కన పెట్టారు. ఆయన పనిచేసిన బడిలో సంగీతం మాస్టరు ఒకాయన ఉండేవారట. ఇద్దరిదీ ఒకే గది, ఒకే వంట. ఇన్‌స్పెక్షనుకు వచ్చిన అధికారి ముందు ఆయన పాడుతుంటే గొంతు చీలిపోయిందట. అధికారి నవ్వాడు. పక్క కుర్చీలో ఉన్న సార్, అధికారి నవ్వాడు గనక నవ్వారు. సంగీతం మాస్టరు ఆ తర్వాత గదిలో బియ్యం కడిగేటప్పుడు కూడా కూనిరాగం తీయలేదట. అంతే చెప్పారు. ఆయన ముఖంలో నాకేమీ కనిపించలేదు. మళ్ళీ పల్లీలు అందుకున్నారు.

ఇక నేను తెచ్చింది మా అక్క పెళ్ళి.

మా వైపు కొత్త పెళ్ళికూతురు అత్తారింట్లో అడుగుపెట్టేటప్పుడు ఆడబిడ్డలు గుమ్మానికి అడ్డంగా నిలబడతారు. భర్త పేరు కలిపి ఒక జంట పదం చెబితేనే దారి ఇస్తారు. దాన్ని ఒడపు అంటాం. కన్నడంవాళ్ళ దగ్గర నేర్చుకున్న ముచ్చట. అక్కకు మొదట వేరే సంబంధం ఖాయమైంది. నాకప్పుడు పదిహేడేళ్ళు, రాతకోతల్లో ఇంట్లో నాదే పెద్ద పేరు. అక్క కోసం నేనే కట్టాను.

"మూరెడు మల్లెలు, మనసంత సంతోషం,
చెయ్యి వట్టి తెచ్చినాయన పేరు వీరేశం."

అక్క దాన్ని రెండు నెలలు చదువుకుంది. నీళ్ళు తోడుతూ, జడ వేసుకుంటూ, నన్ను నవ్విస్తూ. తర్వాత వీరేశం వాళ్ళకు ఇంకేదో సంబంధం నచ్చింది, మానుకున్నారు. మూడు నెలల్లో ముదగల్‌లో మరో సంబంధం కుదిరింది. కొత్త పెళ్ళికొడుకు పేరు నర్సింహులు. మొదటిది తప్పిపోయిన సంగతి వాళ్ళకు తెలియకూడదని ఇంట్లో పెద్దలు గట్టిగా చెప్పారు. నాలుగు రోజుల ముందు అక్క నా దగ్గరకు వచ్చి, కొత్త ఒడపు కట్టివ్వమంది. నాకు పరీక్షలు. ఆ పదమే ఉంచుకుని చివర పేరు మార్చుకోమన్నాను. అది ప్రాసకు కుదరట్లేదే అంది. అయినా పరవాలేదులే అన్నాను.

గుమ్మంలో బియ్యం సేరు పెట్టి ఉంది. తోడు వెళ్ళిన నేను అక్క పక్కనే తట్ట పట్టుకుని నిలబడ్డాను. లోపల యాభై మంది ఆడవాళ్ళు. అక్క కళ్ళు మూసుకుని, రెండు నెలలు ఎలా చదువుకుందో అలాగే చదివింది. సంతోషం దాకా వచ్చాక నాలుక ఆగలేదు.

ఒకావిడ మెట్టె సవరించుకుంది. ఒకావిడ పిల్లాడికి పెట్టిన గుండీ విప్పి మళ్ళీ పెట్టింది. బావ చేతి గడియారం తిప్పుకుంటున్నాడు. చివరికి అత్తగారు, కోపం లేకుండానే, వీరేశం ఎవరమ్మా అని అడిగింది. అక్క ఒక్కసారి నా వైపు చూసింది. నేను బియ్యం సేరు చూస్తున్నాను. అక్క అప్పుడు ఒడపు ఏమీ లేకుండా, హాజరు పట్టీ చదివినట్టు నర్సింహులు అని, సేరు తన్ని లోపలికి వెళ్ళింది.

ఆ ఇంట్లో ఆ పేరు పోలేదు. అన్నం మాడితే అత్తగారు, వీరేశం పెండ్లాం వంట గిట్లనే ఉంటది అనేది. చుట్టాల ముందు కూడా. ఆమె పోయేదాకా అన్నది. అక్క పెద్దోడు ఆరేళ్ళప్పుడు అన్నం ముందు కూర్చుని, వీరేశం మామ ఎప్పుడొస్తడమ్మా అని అడిగాడట. బావ కంచంలోంచి తలెత్తలేదట. ఇది అక్కే నాకు చెప్పింది, నవ్వుతూ.

నేను చెప్పడం ముగించేసరికి షెడ్డులో ఎవరూ నా ముఖం చూడట్లేదు. నాది గెలిచిందని నాకు తెలిసిపోయింది. నిజం చెప్పాలంటే సంతోషించాను. సార్ పల్లీ పొట్టు ఊదేసి, ఆ ఒడపు కట్టిందెవరని అడిగారు. నేనే అన్నాను. మరి అక్కడ ఎందుకు అనలేదన్నారు. మొదటి సంబంధం సంగతి బయటపడుతుందని, పెద్దలు వద్దన్నారని చెప్పాను.

"పెద్దల సంగతి ఇడ్సిపెట్టు. పేరు నేను తప్పు రాసిచ్చిన, ఆమె తప్పు గాదు అంటే సాలు గద? ఒక్క మాట. అందరు నవ్వి లోపలికి పోయేటోళ్ళు."

ఇరవై రెండేళ్ళలో ఈ మాట నాకు తట్టలేదు. తట్టలేదని సార్‌తో అన్నాను. అబద్ధం చెప్పినా బాగ చెప్పవు నువ్వు అన్నారు. నిజమే. ఆ గుమ్మంలోనే తట్టింది. యాభై మంది నన్ను చూసి నవ్వుతారని ఊరుకున్నాను. పదిహేడేళ్ళ పిల్ల రాతకోతల పరువు కోసం అక్క కాపురం పోతే పోయిందని ఊరుకున్నాను.

అదే నాటకానికి ఆఖరి దృశ్యమైంది. సార్ పాతూరులో పడగొట్టిన ఇంటి ద్వారబంధం ఒకటి మోయించుకొచ్చారు. దాన్ని స్టేజీకి ముందువైపు నిలబెట్టారు. పెళ్ళికూతురిగా క్యాంపు టీచరు, ప్రేక్షకులకు వీపు పెట్టి. గుమ్మం లోపల మిగతావాళ్ళు, బయట ఆమె పక్కనే తట్టతో నేను, మేమందరం ప్రేక్షకులకు ఎదురుగా. పెళ్ళికూతురి ముఖం ఎవరికీ కనబడదు. చూసేవాళ్ళ ముఖాలే నాటకం. పెళ్ళికూతురి వేషం నాకిమ్మని అడిగాను. నువ్వు నిలబడ్డ కాడనే నిలబడు అన్నారు. సంతోషం అన్న మాట దగ్గర ఆమె ఆగిపోతుంది, పేరు రాదు. ముప్పై అంకెలు లెక్కపెట్టాక సార్ పక్కనుంచి చప్పట్లు కొడతారు, లైట్లు ఆరిపోతాయి. మూడు నెలలు అలాగే చేశాం. తట్ట బరువుకు నా మణికట్లు వాచేవి. తట్టలో నిజం కొబ్బరికాయలే ఉండాలని ఆయన పట్టు.

ఈ నాటకం సంగతి అక్కకు నేను చెప్పలేదు. చెబుదామనే అనుకున్నాను, అయిపోయాక.

నాటకం రోజు సాయంత్రం హాలు సగం నిండింది. ఆఖరి దృశ్యానికి ముందు, చీకట్లో తట్ట ఎత్తుకుంటుంటే సార్ నా పక్కకు వచ్చారు.

"ఇయ్యాల నేను చప్పట్లు కొట్ట. నువ్వు నోరు తెరిస్తెనే లైట్లు బంద్."

ఏం మాట్లాడాలని అడిగాను. అది నీకు ఎప్పటిసందో ఎరుకే అని వెళ్ళిపోయారు. లైట్లు వెలిగాయి. రెండో వరుసలో అక్క. పక్కన బావ. సార్ తానే బస్సెక్కి ముదగల్ వెళ్ళి, వాళ్ళ కిరాణా కొట్టు ముందు నిలబడి, మీ చెల్లె నాటకం ఆడుతుంది రండని పిలిచొచ్చారని తర్వాత తెలిసింది.

క్యాంపు టీచరు ఒడపు ఎత్తుకుంది. మూరెడు మల్లెలు అనగానే అక్క భుజం మీది కొంగు సర్దుకుంది. మనసంత సంతోషం. ఆగింది. నేను ముప్పై దాటి లెక్కపెట్టాను. అరవై దాటాను. ప్రేక్షకులు మొదట నాటకమే అనుకున్నారు. తర్వాత ఎవరికో మాట గుర్తు రాలేదనుకున్నారు. పాపం మరిచిపోయింది అని ఒక ఆడగొంతు వినిపించింది. దగ్గులు మొదలయ్యాయి. ఫోన్లు తీశారు కొందరు. ఆ వెలుగులో వాళ్ళ ముఖాలు కూడా నాకు కనబడుతున్నాయి. శక్తినగర్ ఆయన పెదవులు కదపకుండా, చెప్పమ్మా అన్నాడు. పక్కనున్న టీచరు కళ్ళల్లో నీళ్ళు. "ఏదోటి అనేయండక్కా, మీకు దణ్ణం పెడతాను" అని గొణిగింది. ఒక్క వాక్యం. నాలుక చివరే ఉంది. నేను కొబ్బరికాయల వైపు చూస్తూ నిలబడ్డాను.

చివరికి లైట్ల దగ్గరి మనిషి భరించలేక తనే ఆర్పేశాడు. చప్పట్లు మోగాయి, గండం గడిచినందుకు కొట్టే చప్పట్లు. రెండు రోజుల తర్వాత ఊరి పత్రికలో, ఆఖరి మౌనంలో నటి ప్రతిభ పరాకాష్ఠకు చేరిందని రాశారు.

వరండాలో అక్క ఒక్కతే నిలబడి ఉంది. బావ బండి తేవడానికి వెళ్ళాడు. నేను దగ్గరికి వెళ్ళి, సార్ ఇలా చేస్తారని నాకు తెలియదన్నాను. అప్పట్లో చిన్నపిల్లననీ, భయపడ్డాననీ అన్నాను. అక్క అంతా విన్నది. వినడం దాని పుట్టు గుణం.

"అప్పుడు నీకు పదిహేడేండ్లు. ఇప్పుడెన్ని?"

బండి వచ్చింది, వెళ్ళిపోయింది.

లోపలికి వెళ్ళి సార్ మీద విరుచుకుపడ్డాను. మా అక్కను నలుగురిలోకి ఈడ్చారని, మీకు మనుషులు పల్లీలతో సమానమని, నోటికొచ్చిందంతా అన్నాను. ఆయన ద్వారబంధానికి కట్టిన తాళ్ళు విప్పుతున్నారు. "పిలిచింది నేనే బిడ్డా. నోరు మూసుకున్నది నేను గాదు" అన్నారు. ఆ తాడు రెండో చివర పట్టుకోమన్నారు. పట్టుకోలేదు. అదే ఆఖరు, మళ్ళీ షెడ్డుకు పోలేదు.

నాలుగేళ్ళు. ఆ నాలుగేళ్ళూ ఆయన్ని తిట్టుకోవడం నాకు ఒక కాలక్షేపమైంది. దస్తావేజుల బల్ల దగ్గర నాటకం మాట ఎవరెత్తినా ఆయన పాపాలు ఏకరువు పెట్టేదాన్ని. అక్కతో పండుగలకు ఫోన్లో మాట్లాడేదాన్ని, వానల గురించి, పిల్లల చదువుల గురించి. అక్క కాపురం సంగతి ఎప్పుడు మనసులోకి వచ్చినా, వెంటనే దాని ముందుకు సార్ వచ్చి నిలబడేవారు. నాకు అంత అనువైన శత్రువు ఇంకెవరు దొరుకుతారు?

పోయిన నెల వాళ్ళమ్మాయి ఫోన్ చేసి, నాన్న మంచం మీద ఉన్నారు, మిమ్మల్ని అడుగుతున్నారంది. వెళ్ళాను. మనిషి సగమయ్యారు. మాట నత్తినత్తిగా వస్తోంది. కోపం మరిచిపోయాననీ, ఆయన వల్లే నాకు చూడటం వచ్చిందనీ, చెప్పాల్సిన మాటలన్నీ దారిలో కూర్చుకుని వెళ్ళాను. ఆయన అవేవీ చెప్పనివ్వలేదు.

"చెప్పినవా?"

లేదన్నాను. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. నేను అరగంట ఆ వీపు చూస్తూ కూర్చున్నాను. వాళ్ళమ్మాయి టీ తెచ్చి, ఇద్దర్నీ చూసి, కిటికీ తెర సర్దింది. మా సార్‌తో నా ఆఖరి కలయిక అదే.

ఆయన పోయిన ఐదో రోజున లింగసుగూరు మీదుగా ముదగల్ బస్సెక్కాను. ఎందుకు వెళ్ళానో పెద్ద మాటలతో చెప్పను. తిట్టుకోవడానికి ఆయన లేరు. నాకూ అక్కకూ మధ్య ఇక నేనే మిగిలాను.

మధ్యాహ్నం పన్నెండు. ఇంటి ముందు గదిలోనే వాళ్ళ కిరాణా కొట్టు. బావ కాటా మీద పళ్ళెం పెట్టి, ఎవరో ఆడమనిషికి అరకిలో కందిపప్పు తూస్తున్నాడు. లోపలి గుమ్మంలో అక్క చాట పట్టుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. చెప్పా పెట్టకుండా వచ్చినందుకు ఇద్దరూ ఆశ్చర్యపోయారు. లోపలికి రమ్మన్నారు. ఇక్కడే ఒక మాట చెప్పి వస్తానన్నాను. ఆ ఆడమనిషి వెళ్ళాక చెబుదామని ఒక్క క్షణం ఆగాను. ఆగానని తెలిసి నా మీద నాకే అసహ్యం వేసింది.

"బావా, పెండ్లినాడు అక్క చెప్పిన ఒడపు కట్టిచ్చింది నేను. ఆ పేరు నేను రాసిన పేరు. తప్పు నాది."

ఏ ఒడపు అన్నాడు బావ. ఏదో అతనికి తెలుసు, అతని చెవులు ఎర్రబడ్డాయి. అంతా చెప్పాను. మొదటి సంబంధం, అది తప్పిపోవడం, పెద్దలు దాచమనడం, కొత్తది కట్టివ్వమని అక్క అడిగితే నేను పరవాలేదులే అనడం, గుమ్మంలో నేను తట్ట పట్టుకుని నోరు మూసుకోవడం. గట్టిగానే చెప్పాను. ఆ ఆడమనిషి తన సంచీలోకి చూసుకుంటూ నిలబడింది.

ఇప్పుడు తేలికపడ్డానని రాస్తే ఎంత బాగుండేది. బావ నన్ను చూడలేదు. ఒక చేత్తో పప్పు డబ్బా పట్టుకునే, అక్క వైపు తిరిగాడు.

"అయితే ఇన్నేండ్లు నాకెందుకు చెప్పలే?"

నేరం మళ్ళీ అక్క మీదికే పోయింది. చూస్తూ ఉండగానే, నా నోటితోనే. అక్క చాట కిందపెట్టింది. గొంతు పెంచలేదు.

"మీరు ఎన్నడన్న అడిగిండ్రా?"

బావ చెయ్యి మాత్రం తన పని మానలేదు, డబ్బాలోంచి పప్పు పోస్తూనే ఉన్నాడు. కాటా మీద అంకెలు అరకిలో దాటాయి, కిలో దాటాయి. పళ్ళెం నిండి, అంచు మీంచి బల్ల మీదికి, బల్ల మీంచి నేల మీదికి పప్పు గలగలా రాలుతోంది. ఆపమని ఆ ఆడమనిషి అనలేదు. అక్క అనలేదు. నేనూ అనలేదు.